కప్పు రేకు, కంప్యూటరు లెక్క
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో పన్నుల వసూలును గూర్చి, త్రాగునీటిని గూర్చి, గ్రామసభ నిర్వహణను గూర్చి నాకన్న బాగుగ తెలిసినవారు మీకు చెప్పియున్నారు. నాకు అప్పగించిన విషయము కొంత వింతగా తోచవచ్చును. ఇనుప రేకును మలచు యంత్రమును గూర్చి, ఆ యంత్రము చేయబోవు పనిని ముందుగానే లెక్కించి చూపు కంప్యూటరును గూర్చి మాటలాడుమన్నారు. "దీనితో మనకేమి పని?" అని వెనుక వరుసలో ఒక పెద్దాయన ప్రక్కవారిని అడుగుచుండగా ఇప్పుడే వింటిని. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానముగా మొదట ఒక సంత షెడ్డు సంగతి చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రచార వాహనముతో నేనొక గ్రామమునకు పోయితిని. ఊరి పేరు చెప్పుట భావ్యము కాదు. ఆ పంచాయతీవారు రెండేండ్లు శ్రమపడి నిధులు కూడగట్టి సంతకొక షెడ్డు కట్టించిరి. ఉక్కు స్తంభములు, పైన నీలిరంగు రేకు. చూచుటకు ముచ్చటగా నుండెను. ఆ రాత్రి మా చలనచిత్ర ప్రదర్శన దానిలోనే ఏర్పాటైనది. ఆట సగము కాకముందే వాన పట్టుకొన్నది. కప్పు అంతట కాదు, రేకునకు రేకు అతుకు కొన్ని చోట్ల మాత్రమే నీరు తాడు జారవిడిచినట్లు క్రిందికి దిగుట మొదలిడెను. మరునాటి సంతకని రైతులు తెచ్చి పేర్చుకొన్న ధాన్యపు బస్తాలు తడిసిపోయినవి. వానిలో కొన్ని ఒక వితంతువువి. ఆమె ఎవరిని ఒక్క మాట అనలేదు. తెల్లవారినది మొదలు బస్తాల మూతులు విప్పి, చాపలపై ధాన్యము ఆరబోసుకొనుచు కూర్చున్నది.

ఉదయము సర్పంచిగారితో కలిసి నిచ్చెన ఎక్కి చూచితిని. ఒక రేకు చివరి గట్టుపై ప్రక్క రేకు మొదటి గట్టు టోపీవలె కూర్చుండవలెను గదా? కొన్ని అతుకుల వద్ద అట్లే కూర్చున్నది. కొన్నిటి వద్ద చిటికెనవ్రేలు దూరునంత సందు. మేస్త్రీ రేకు అమ్మినవారిని తప్పుపట్టెను. వారు మేస్త్రీని తప్పుపట్టిరి. బిల్లు అంతకుముందే చెల్లించియుండిరి. ఇంజనీరుగారు వచ్చి రేకు మందము కొలిచిరి, సరిపోయినది. పూత చూచిరి, సరిగానే యున్నది. అన్నియు కాగితము ప్రకారమే యున్నవి. నీరు మాత్రము కారుచున్నది. నేను చదివినది చరిత్ర. నాకేమియు బోధపడలేదు. చక్కగా కూర్చున్న రేకు చివర ఒక ముక్క, కూర్చుండని రేకు చివర ఒక ముక్క కోయించి, వానిని మా వాహనములో పెట్టుకొని వచ్చితిని. ఆ ముక్కలే నన్ను ఈ విషయములోనికి దింపినవి.

ఇప్పుడు తాటాకును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. విప్పార్చిన తాటాకు సమముగా నుండదు, మడతలు మడతలుగా నుండును. ఆ మడతలే దాని బలము. మడతలు లేనిచో అంత పొడవైన ఆకు తన బరువునకు తానే వాలిపోవును. ఒక కాగితమును రెండు పుస్తకముల మీద వంతెనగా పెట్టుడు, క్రుంగును. దానినే విసనకఱ్ఱవలె మడిచి పెట్టుడు, ఒక పెన్సిలును మోయును. కాగితము పెరుగలేదు, రూపము మారినది, అంతియే. ఇనుప రేకు సంగతియు అట్టిదే. అర మిల్లీమీటరు మందపు సాదా రేకు వంగకుండ నిలుచు శక్తితో పోల్చినచో, అదే రేకును సుమారు 18 మిల్లీమీటర్ల లోతు అలలుగా మలచినపుడు ఆ శక్తి దాదాపు 2,000 రెట్లగును. చేతితో లెక్కవేసి చూచుకొనదగిన సంగతియే ఇది.

ఈ కిటుకును రేకునకు పట్టించినవాడు హెన్రీ పామర్ అను ఆంగ్లేయ ఇంజనీరు. లండను ఓడరేవు కంపెనీలో పనిచేయుచు 1829లో అలల రేకునకు పేటెంటు పొందెను. ఇనుము త్రుప్పు పట్టునది కావున, 1837లో ఫ్రాన్సు దేశస్థుడు సొరెల్ కరిగిన జింకులో ముంచి పూత పెట్టు పద్ధతికి పేటెంటు పొందెను. ఈ రెండును కలిసిన పిమ్మట ఈ రేకు భూమండలమంతయు చుట్టివచ్చినది. మన వైపు పూరిపాకల మీదికిని, పెంకుటిండ్ల వసారాల మీదికిని, బడుల మీదికిని ఎక్కినది.

ఆ అలలు, గట్లు ఇప్పుడు ఎట్లు వేయుదురు? ఉక్కు కర్మాగారమునుండి రేకు పెద్ద చుట్టలుగా వచ్చును, కాయిలు అందురు. (విశాఖ ఉక్కు కర్మాగారము కడ్డీలు, తీగచుట్టలు, నిర్మాణపు ఉక్కు చేయును గాని పలుచని రేకు చేయదు. మన షెడ్ల రేకు ఇతర రాష్ట్రముల కొలుముల నుండియే వచ్చును. ఇది చాలమందికి తెలియదు.) ఆ చుట్టను విప్పి, ఒకదాని వెనుక ఒకటిగా నిలిపిన రోలర్ల జతల నడుమ నుండి పోనిత్తురు. చెరకు గానుగను చూచినవారికి ఇది తేలికగా తెలియును. అయితే గానుగ రోలర్లు చెరకును పిండును. ఈ రోలర్లు రేకును పిండవు, వంచును మాత్రమే. మొదటి జత నాలుగైదు డిగ్రీలు వంచును. రెండవది మరికొంత. మూడవది ఇంకకొంత. ఇట్లు పది, పదిహేను, ఒక్కొక్కప్పుడు ఇరువదికి పైబడిన జతలు దాటి వచ్చునప్పటికి సాదా రేకు గట్లు కాలువలు గల రేకై బయటపడును. చివర కత్తెర కావలసిన పొడవునకు కోయును. షెడ్డు కప్పును మోయు ఉక్కు పర్లినులును, రహదారి ప్రక్క వాహనములు లోయలో పడకుండ అడ్డుగా పెట్టు ఉక్కు పట్టీలును ఇదే విధమున తయారగును. దీనిని రోల్ ఫార్మింగు అందురు.

ఒక్కసారిగా వంచివేయక ఇన్ని జతలు ఎందుకు? ఇచ్చటనే అసలు చిక్కు కలదు. కళ్లములో బంతి కట్టి నూర్చిన రోజులు ఇక్కడి పెద్దలకు గుర్తుండును. రాటకు దగ్గరి ఎద్దు చిన్న చుట్టు తిరుగును. చివరి ఎద్దు పెద్ద చుట్టు తిరుగును. అందరును ఒకేసారి చుట్టు ముగింపవలెనన్నచో చివరి ఎద్దునకు నడక ఎక్కువ. రేకును ఒక ప్రక్క పైకి వంచుచు ముందునకు నడిపించునప్పుడు, మడత దగ్గరి ఉక్కు తిన్నగా పోవును, అంచున నున్న ఉక్కు ముందునకు పోవుచు పైకి కూడ ఎక్కవలెను. దాని దారి కొంచెము పొడవు. దారి పొడవైనచో అంచు సాగవలసి వచ్చును. ఉక్కు కొంతవరకు రబ్బరువలె సాగి తిరిగి వెనుకకు వచ్చును. హద్దు దాటినదా, సాగినది సాగినట్లే ఉండిపోవును. అప్పుడు అంచు పొడవు నడుమ పొడవుకన్న ఎక్కువై, నిలువ చోటులేక పావడా కుచ్చుల అంచువలె అలలు పోవును. అట్టి రేకు ఏ అతుకున సరిగా కూర్చుండదు.

లెక్క ఎంతో ఒక ఉదాహరణము చెప్పెదను. అంకెలకు జంకవలదు, మీరు ఎస్టిమేట్లు చూచువారే. 2 మిల్లీమీటర్ల మందము గల పర్లిను అంచు 40 మిల్లీమీటర్లు అనుకొనుడు. ఒక జత రోలర్లలో దానిని 20 డిగ్రీలు వంచితిమి. రోలరును తాకకముందే ఎంత దూరమునుండి రేకు వంగ నారంభించునో చెప్పు చిన్న సూత్రమొకటి కలదు. న్యూజీలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున భట్టాచార్య, ఆయన సహచరులు దానిని 1984లో ప్రకటించిరి. ఆ సూత్రము ప్రకారము ఈ అంచు సుమారు 17 సెంటీమీటర్ల దూరములో వంగును. ఆ 17 సెంటీమీటర్లలో అది దాదాపు 14 మిల్లీమీటర్లు పైకెక్కవలెను. దారి పెరుగుదల అర మిల్లీమీటరు పైచిలుకు. అనగా మీటరునకు 3 మిల్లీమీటర్లకు పైగా సాగుదల. సాధారణ మెత్తని ఉక్కు మీటరునకు ఒకటింబావు మిల్లీమీటరు వరకే సాగి వెనుకకు రాగలదు. కనుక హద్దు దాటినది.

ఇరువదికి బదులు పది డిగ్రీలే వంచినచో సాగుదల సగమగును. అయిదు డిగ్రీలే అయినచో నాలుగవ వంతై హద్దులోపలికి వచ్చును. మంచిదే. కాని 90 డిగ్రీలు వంచుటకు అయిదేసి డిగ్రీల చొప్పున 18 జతల రోలర్లు కావలెను. ప్రతి జతయు గట్టి ఉక్కుతో చేసి, తిరుగలి బల్ల మీద కోసి, నునుపు చేసి, పదును పెట్టినది. వెల చిన్నది కాదు. జతలు తగ్గించినచో రేకు చెడును, పెంచినచో యంత్రము వెల పెరుగును. మరొక సంగతి: నేను చెప్పినది చేతిలెక్క. నిజమున రేకు అంత మొండిది కాదు. రోలర్ల నడుమ ఖాళీలో ఇటునటు ఒదిగి, నడుమభాగము కొంత వంగి, అంచు మీది భారమును కొంత తప్పించుకొనును. ఎంత తప్పించుకొనును? చేతిలెక్క ఇక్కడ ఆగిపోవును.

పూర్వము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువారు అనుభవజ్ఞులైన పనివారు. ముప్పది, నలువది ఏండ్లు రోలర్లు కోసిన చేతులకు "ఈ గట్టునకు పన్నెండు జతలు చాలును, ఆ గట్టునకు చాలవు" అని తెలియును. వారి నైపుణ్యమును నేను తక్కువ చేయను. కాని క్రొత్త రూపము వచ్చినపుడు వారును తడవుకొనవలసినదే. రోలర్లు కోసి, యంత్రమునకు ఎక్కించి, రేకు నడిపి, వంకర వచ్చినచో దించి, మరల కోసి, మరల ఎక్కింతురు. వారములు గడచును, రేకు చిత్తుగా పోవును. ఆ వ్యయమంతయు చివరకు ఎవరి నెత్తిన పడునో మీకు చెప్పనక్కరలేదు.

ఇక కంప్యూటరు. అది చేయునది మంత్రము కాదు. భూమి సర్వే చేయువారి పనివంటి పనియే. ఊరి పొలమంతయు ఒక్కసారిగా కొలువలేము గావున చిన్న చిన్న సర్వే నంబర్లుగా విడదీసి, ఒక్కొక్కదానిని కొలిచి, హద్దురాళ్ల వద్ద ఒకదానితో ఒకటి సరిచూతుము. హద్దురాయి రెండు నంబర్లకును ఉమ్మడి. ఒకరి లెక్కలో ఒక చోట, మరొకరి లెక్కలో వేరొక చోట ఉండరాదు. కంప్యూటరు కూడ రేకును వేలకొలది చిన్న గళ్లుగా విభజించును. ఒక్కొక్క గడి చిన్నది గనుక దాని నడత సులభముగా లెక్కకు అందును: ఇంత లాగినచో ఇంత సాగును, ఇంత వంచినచో ఇంత ఎదురుతిరుగును. గళ్ల మూలల వద్ద ప్రక్క గళ్లతో లెక్క కలియవలెను. అన్ని గళ్ల లెక్కలును ఒకేమారు సరిపడునట్లు వేల, లక్షల సమీకరణములను సాధించి, రేకు ఎట్టి రూపమున నిలుచునో చెప్పును.

ఈ పద్ధతి రేకు కొరకు పుట్టలేదు. విమానపు రెక్కలు ఎంత వంగునో తెలిసికొనుటకై పుట్టినది. టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలుగురు 1956లో దానిని వివరించుచు వ్యాసము ప్రకటించిరి. అమెరికాలోని బర్క్లీలో ఆచార్యుడైన రే క్లఫ్ 1960లో దానికి పేరు పెట్టెను. ఆ పేరును తెలుగున పరిమిత ఖండముల పద్ధతి అనవచ్చును. వంతెనలకు, ఆనకట్టలకు, భవనములకు ఈనాడు వేయు లెక్కలలో అధికభాగము ఈ దారినే నడచుచున్నది.

వంతెనకన్న రేకు లెక్క కష్టము. కారణము చెప్పెదను. వంతెన మీద బండి పోయిన పిమ్మట వంతెన యథాస్థితికి వచ్చును; వచ్చుటయే దాని పని. రేకు యథాస్థితికి రాకుండుటయే మనకు కావలసినది. పైగా ఒకమారు వంగిన ఉక్కు ఆ వంపును మరువదు. రెండవ జత వద్ద అది చూపు పట్టుదల మొదటి జత వద్ద జరిగినదానిమీద ఆధారపడియుండును. కావున కంప్యూటరు ఒక్క గెంతులో చివరకు పోజాలదు. రేకును పిసరంత ముందునకు జరిపి లెక్క కట్టును, ఏ గడి ఏ రోలరును తాకినదో చూచును, మరల పిసరంత జరుపును. ఇట్లు వేల అడుగులు. అందుచేతనే ఒక యంత్రము పనిని ఆ విధముగా నడిపి చూచుటకు గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు పట్టును. జపానులో టోక్యో విశ్వవిద్యాలయపు కియూచి ఆచార్యులు 1980 దశకమునందే రోలర్ల రూపమును కంప్యూటరుతో నిర్ణయించు పద్ధతిని చూపిరి. తరువాత జర్మనీలో ఇందుకొరకే ప్రత్యేక కార్యక్రమములు తయారైనవి. వానిలో ఒకదాని పేరు కోప్రా. కోనసీమ సోదరులు కొబ్బరి అనుకొందురేమో. ఆ కొప్పరకును దీనికిని సంబంధము లేదు.

నా దగ్గరి రెండు ముక్కలను పట్టుకొని హైదరాబాదు శివార్లలోని ఒక పారిశ్రామికవాడకు పోయితిని. రోలర్లు తయారుచేయు కర్మశాలలో ఒక యువ ఇంజనీరు పరిచయమాయెను. పల్లెటూరివాడే, తండ్రి కౌలు రైతు. తాను చూచుచున్న తెరను నావైపు త్రిప్పి, "చూడండి సార్, ఇంకా ఈ యంత్రం పుట్టలేదు, రేకు మాత్రం నడుస్తున్నది" అన్నాడు. ఆ మాట నాకు నచ్చినది. తెర మీద రేకు మెల్లగా జత తరువాత జతలోనికి పోవుచుండెను. ఎక్కువ సాగిన చోట ఎరుపు రంగు, తక్కువ సాగిన చోట నీలము. ఏడవ జత వద్ద అంచు ఎఱ్ఱబారినది. "ఇక్కడ మరొక జత కావాలి. ఇనుము కోయకముందే తెలిసింది" అన్నాడు.

నా ముక్కలు అతనికిచ్చి, సంత షెడ్డు కథ చెప్పితిని. అతడు రెంటిని ఒకదానిపై ఒకటి పెట్టి చూచి, వెలుతురునకు ఎత్తి పట్టి, చిన్నగా నవ్వెను. రెంటి నుండియు సన్నని పట్టీలు కోసి, లాగి పరీక్షించు యంత్రములో పెట్టించెను. ఒకటి చదరపు మిల్లీమీటరునకు సుమారు 25 కిలోల బరువునకు లొంగినది. రెండవది 55 కిలోల వరకు లొంగలేదు. రెండును ఒకే మందము, ఒకే రంగు, ఒకే పూత. ఉక్కు మాత్రము వేరు. రెండు వేర్వేరు కాయిళ్ల నుండి వచ్చినవి.

ఇందలి చిక్కు వెదురు వంచినవారికి తెలియును. వెదురు బద్దను వంచి వదలినచో కొంత వెనుకకు తిరుగును. ఉక్కు కూడ అట్లే. రోలరు అరువది డిగ్రీలకు వంచినను, బయటికి వచ్చిన తోడనే రేకు కొంత విప్పుకొనును. అందుచే యంత్రము కట్టువారు ఆ విప్పుకొనుటను లెక్కించి ముందే కొంచెము ఎక్కువగా వంతురు. ఒకే మందము, ఒకే మడత అయినప్పుడు గట్టి ఉక్కు ఎంత గట్టిదో అంత ఎక్కువగా విప్పుకొనును. పట్టుదల రెట్టింపైనచో విప్పుకొనుటయు ఇంచుమించు రెట్టింపు. చిత్రమేమనగా, గట్టి ఉక్కు అంచున అంత సులభముగా సాగిపోదు, ఆ విషయములో అది మేలు. మెత్తని ఉక్కు తక్కువ విప్పుకొనును, కాని అంచు సాగుదలకు లోబడును. ఒకదానికి అమరిన రోలర్లు రెండవదానికి అమరవు.

ఆ యువకుడు అదే గట్టు ఆకారమును కంప్యూటరులో రెండుమార్లు నడిపెను, ఒకమారు 25 అంకెతో, ఒకమారు 55 అంకెతో. రోలర్లు అవే. మొదటిదాని గట్లు నిటారుగా నిలిచినవి. రెండవదాని గట్ల కాళ్లు ఎడముగా జరిగినవి. నా ముక్కలను తెర ప్రక్కన పెట్టెను. అచ్చముగా అవే. ఇరుకు గట్టుపై ఇరుకు గట్టు కూర్చుండును. వెడల్పు గట్టుపై వెడల్పు గట్టు కూర్చుండును. వెడల్పు గట్టుపై ఇరుకు గట్టు ఎక్కించినచో కూర్చుండక పైకి లేచి నిలుచును. సంత షెడ్డులో కొన్ని అతుకుల వద్ద మాత్రమే నీరు కారుటకు కారణము అది. రెండు చుట్టల రేకును కలగలిపి పంపిరి, మేస్త్రీ చేతికి అందినది అందినట్లు పరచెను. మేస్త్రీ తప్పు కాదు. మందము కొలిచిన ఇంజనీరుగారి తప్పును కాదు, ఆయన కొలువవలసినదానిని కొలిచిరి. ఉక్కు పట్టుదల ఎంత అని ఎవ్వరును అడుగలేదు. సర్పంచిగారును అడుగలేదు, నేనైనను అడిగియుండెడివాడను కాను.

కంప్యూటరును గూర్చి ఇంత పొగడితిని గాని, దాని హద్దును కూడ చెప్పవలెను. దానికి 25 అని చెప్పినచో అది 25 అనియే నమ్మును. నిజమైన రేకు 55 అయినను దానికి తెలియదు. చుట్టగా చుట్టినప్పుడును, వెడల్పు కోసినప్పుడును రేకు లోపల మిగిలిపోయిన బిగువు, యంత్రము ఇరుసుల అరుగుదల, ఒక జత వెంట్రుకవాసి ప్రక్కకు జరిగియుండుట, ఇవన్నియు కొలిచి చెప్పిననే గాని దాని లెక్కలోనికి రావు. తెర మీద రంగులు అందముగా నున్నంతమాత్రాన లెక్క సత్యము కాదు. ఆ కర్మశాలలో వారు ప్రతి క్రొత్త గట్టునకును మొదట వచ్చిన రేకును కొలిచి కంప్యూటరు చెప్పిన రూపముతో సరిచూచుకొనుచున్నారు. తేడా వచ్చినచో ఎందుకు వచ్చినదో వెదకుచున్నారు. ఎస్టిమేటునకు కొలతల పుస్తకము ఎట్టిదో, ఆ లెక్కకు ఆ కొలత అట్టిది.

అతుకున సందు ఉన్నచో నీరు కారుట చిన్న నష్టమే. గాలి వచ్చినపుడు చూడవలెను. గాలి భారమును గూర్చిన భారత ప్రమాణములలో విశాఖపట్నము, విజయవాడ, నెల్లూరులకు సెకనునకు 50 మీటర్ల వేగము, హైదరాబాదునకు 44, కర్నూలునకు 39 అని నిర్ణయించియున్నారు. 50 మీటర్లనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద చూపు ఒత్తిడి సుమారు 150 కిలోల బరువుతో సమానము. అర మిల్లీమీటరు రేకు తన సొంత బరువు చదరపు మీటరునకు 4 కిలోలు. గాలి కప్పును క్రిందికి నొక్కుననుకొందుము. నిజమునకు పలుచోట్ల, ముఖ్యముగా అంచుల వద్ద, పైకి పీల్చును. 4 కిలోల రేకును అంత బలముతో గాలి పైకి లాగుచుండగా దానిని పట్టియుంచునవి స్క్రూలు, సరిగా కూర్చున్న గట్లు మాత్రమే. అతుకు సందున గాలి దూరినదా, అచ్చటనే మొదట రేకు లేచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమున తీరము దాటినప్పుడు రేకులు ఎట్లు ఎగిరినవో ఉత్తర కోస్తావారికి నేను చెప్పనక్కరలేదు. ఎగిరిన రేకు కత్తివంటిది.

కనుక మీరు బడికో, సంతకో, శ్మశానవాటిక షెడ్డునకో, ధాన్యపు గోదామునకో రేకు కొనునపుడు మందముతోపాటు ఉక్కు గ్రేడు అడుగుడు. రేకు కర్మాగారమువారు కాయిలుతోపాటు పరీక్షా పత్రము ఇత్తురు. దాని నకలు అడుగుటకు మీకు హక్కు కలదు. అందులో ఉక్కు లొంగు బలము, జింకు పూత బరువు వ్రాసియుండును. జింకు పూత రేకులకు భారత ప్రమాణము ఐ.ఎస్. 277. అందు 120 గ్రేడు అన్నచో చదరపు మీటరునకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు, 275 అన్నచో 275 గ్రాములు. సముద్రపు గాలి తగులు ఊళ్లవారు ఈ అంకెను తప్పక చూడవలెను. షెడ్డు అంతటికిని ఒకే గ్రేడు, వీలైనచో ఒకే కాయిలు నుండి రేకు పంపవలెనని ఆర్డరులోనే వ్రాయించుడు. ఒక్క పంక్తి వ్రాత; ఆ సంత షెడ్డును కాపాడియుండెడిది.

మందము విషయములో ఒక మాట. రంగు రేకు 0.50 అని అమ్మునపుడు అది ఉక్కు మందమా, పూతలతో కలిపిన మందమా అని అడుగుడు. పూతలతో కలిపి 0.50 అయినచో లోపలి ఉక్కు 0.45కు దగ్గరగా నుండవచ్చును. స్క్రూగేజి లేనిచో తూకము చాలును. సుమారు 1,220 మిల్లీమీటర్ల వెడల్పు సాదా రేకు నుండి చేసిన 3 మీటర్ల గట్ల రేకులో ఉక్కే 0.50 ఉన్నచో పూత కాక 14 కిలోల 400 గ్రాములు తూగవలెను, 0.45 అయినచో 13 కిలోలకు కొంచెము తక్కువ. ఊరిలో ధాన్యము తూచు కాటా ఉన్నది గదా.

రేకు లారీ నుండి దిగిన రోజుననే, స్క్రూ ఒక్కటియు బిగింపకముందే, వేర్వేరు కట్టల నుండి నాలుగైదు రేకులు తీయించి చదునైన నేల మీద పరపించుడు. ఒకదాని చివరి గట్టుపై మరొకదాని మొదటి గట్టు ఎక్కించి కూర్చున్నదా లేదా చూడుడు. ఒకే కట్టలోని రేకులను పోల్చుటవలన ప్రయోజనము లేదు, అవి ఒకదానికొకటి సరిపోవును; వేర్వేరు కట్టలవే తీయవలెను. అంచు వెంట మేస్త్రీ నూలుతాడు బిగించి పట్టినచో అలలు ఉన్నవో లేవో కంటికి కనబడును. గంటసేపటి పని. సరిపోనివి పనికి తీసికొనకుడు. బిల్లు మీద సంతకము ఆ గంట తరువాత పెట్టవచ్చును.

ఆ సంత షెడ్డు సంగతి అడుగుదురని తెలియును. యువ ఇంజనీరు వ్రాసి ఇచ్చిన రెండు పుటల నివేదికను సర్పంచిగారికి పంపితిని. రేకు అమ్మినవారు కొంత కాలము వాదించి, తుదకు గట్టి ఉక్కు రేకులన్నియు వెనుకకు తీసికొని, మెత్తని ఉక్కు రేకులు పంపిరి. దించుట, ఎక్కించుట కూలి మాత్రము పంచాయతీయే పెట్టుకొన్నది. తడిసిన ధాన్యమునకు ఎవరును ఏమియు ఇయ్యలేదు.

ఆ రెండు ముక్కలు ఇక్కడనే, ఈ బల్ల మీద ఉన్నవి. చూచుటకు ఒకే విధముగా నున్నవి. సభ ముగిసిన పిమ్మట ముందుకు వచ్చి, ఒకదానిపై ఒకటి పెట్టి, వ్రేలు దూర్చి చూడుడు. వెనుక వరుసలోని పెద్దాయనను మొదట రమ్మని కోరుచున్నాను.